కిటికీ ఉన్న ఓడ

ఆ రోజు మందమర్రిలోని ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు.

గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో తోమాసు. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో దిగి, ఎక్కి, రిటైరైన మనిషి. గోడవార మంచం మీద ఆయన తల్లి ఆనందమ్మ, మోకాళ్ళకు నువ్వుల నూనె రుద్దుకుంటూ. సోఫాలో కొడుకు డేవిడ్, దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడు. పక్కన అతని భార్య బ్లెస్సీ. వంటింటి పరదా వెనక కూతురు స్తుతి.

ఆరో మనిషి మంచిర్యాల నుంచి వానలో బండి మీద వస్తున్నాడు. స్తుతి గుండె దడదడలాడుతున్నది ఆ ఆరో మనిషి వల్లే.

భయపడడం స్తుతికి కొత్తేం కాదు. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, బి.ఎడ్. చదువుతోంది, అయినా క్లాసులో హాజరు పిలిస్తే పలకడానికి ముందు రెండుసార్లు గుటక మింగుతుంది. బస్సులో తన స్టేజీ వచ్చినా కండక్టర్‌తో చెప్పలేక తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. చర్చిలో అందరితో కలిసి పాడుతుంది గానీ, ఒక్కదాన్నే పాడమంటే పక్కవాళ్ళ కొంగు పట్టుకుంటుంది.

అలాంటి పిల్లకు అన్న వచ్చి, "బాపు గీ వయసు దాక సముద్రం జూడలే. నానమ్మా చూడలే. వచ్చే నెల అందరం ఓడెక్కుతున్నం. ముంబయిల ఎక్కుడు, గోవా, లక్షద్వీప్ తిరిగి వచ్చుడు" అని చెప్పిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఓడ సంగతులు కనుక్కోవడానికి డేవిడ్ మంచిర్యాలలోని ట్రావెల్స్ నంబరు ఇచ్చాడు. అక్కడ ఓడల బుకింగులు చూసేది అనిల్ కుమార్ అనే అబ్బాయి. స్తుతికి అడగాల్సినవి బోలెడున్నాయి. అడిగే గొంతే లేదు. అందుకని నానమ్మ చేతికి ఫోనిచ్చి, ఆమె చెవి దగ్గర గుసగుసలాడేది.

"ఓడ ఊగితే మంచం మీదికెల్లి కింద పడ్తమా, అడుగు."

ఆనందమ్మ గొంతెత్తి అడిగేది. "నాయనా, ఓడ ఊగితే మంచం మీదికెల్లి పడ్తమా?"

అనిల్ నవ్వేవాడు కాదు. స్తుతికి మొదట నచ్చింది అదే.

"పడరు నానమ్మా. లక్షెట్టిపేట బస్సుల ఎనక సీటు ఎట్ల ఎగిరేస్తది? నడిమి సీటు గట్ల ఎగిరెయ్యది గద. ఓడ కూడా గంతే. మీకు నడుమ, కింది అంతస్తుల రూము ఇప్పిస్త."

మునిగితే ముందు ఎవరిని దించుతారు, రాత్రి కరెంటు పోతుందా, తప్పిపోతే ఎట్లా, వాంతులైతే డాక్టరుంటాడా... ప్రతి దానికీ ఓపికగా, చిన్నపిల్లలకు లెక్క విడమరిచినట్టు చెప్పేవాడు. రోజూ సాయంత్రం అయ్యేసరికి స్తుతికి కొత్త భయమొకటి పుట్టేది. ఆ భయాలు నిజంగా భయాలేనా, లేక ఫోను చేయడానికి సాకులా అన్నది ఆమెకే తెలియకుండా పోయింది.

చివరిసారి మాత్రం పెద్ద పొరపాటు జరిగింది. నానమ్మ చెవిలో ఏం అడగాలా అని ఆలోచిస్తూ ఉండగా నోట్లోంచి దానంతటదే జారింది.

"ఆయన కూడా ఓడల వస్తడా, అడుగు."

ఆనందమ్మ ఫోను పట్టుకునే పకపకా నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి ఫోను మంచం కింద పడేసింది.

అతను విన్నాడా? వినలేదా? స్తుతికి అన్నం సహించలేదు. అంతలోనే అతను డేవిడ్‌కు ఫోన్ చేసి, "నేనే ఇంటికొచ్చి అందరితో మాట్లాడి ఫైనల్ చేస్త అన్నా" అన్నాడు. అది విని స్తుతి చేతిలోని గరిటె పప్పులో పడిపోయింది.

బయట బండి ఆగింది.

"వందనాలు నానమ్మా! వందనాలు అంకుల్!"

రెయిన్‌కోటు వరండాలో విప్పి, పాలిథిన్ సంచిలో చుట్టిన లాప్‌టాప్ చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. హెల్మెట్ కింద నుంచి కారిన నీళ్ళతో కనుబొమలు తడిసి ఉన్నాయి. హెల్మెట్ తీసి మంచం కోడు దగ్గర పెట్టాడు. వెనక నుంచి వాన జల్లు కొడుతుంటే, మర్యాదస్తుడు కదా, తలుపు మీద చెయ్యి వేసి మూయబోయాడు.

"ముయ్యకు!"

డేవిడ్, బ్లెస్సీ, ఆనందమ్మ ఒక్కసారే అరిచారు. పరదా వెనక స్తుతి పెదవులు కూడా ఆ మాటే అన్నాయి, చప్పుడు లేకుండా. అనిల్ చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"పరేషాన్ కాకు నాయనా," అంది ఆనందమ్మ. "మా ఇంట్ల ముందటి తలుపు మూయం. బాయిలకు దిగిన మనిషి మల్ల ఇల్లు జేరేదాక వాకిలి మూయొద్దని మా కోడలు పట్టు. పగటి షిఫ్టైనా, రాత్రి షిఫ్టైనా గంతే. రాత్రిపూట జాలీ గేటేస్తుండె. కోడలు ప్రభువు దగ్గరికి పోయింది, వీడు రిటైరయ్యిండు. అలవాటు మాత్రం పోలే."

తలుపు కదలకుండా కింద పెద్ద బొగ్గుపెళ్ల అడ్డం పెట్టి ఉంది. ఏళ్ళ తరబడి అందరి కాళ్ళు తగిలి తగిలి నున్నగా మెరుస్తోంది.

తోమాసు కుర్చీని గడప వైపు ఇంకొంచెం జరుపుకున్నాడు.

అందరూ దాన్ని అలవాటే అనుకుంటారు. కాదని స్తుతికి తెలుసు. ఆమె చిన్నప్పుడు ఒకసారి బాయిలో పైకప్పు కూలింది. తోమాసూ, అతని జోడీ రామచంద్రమూ మన్ను తవ్వేదాకా చీకట్లో ఇరుక్కుపోయారు. ఇద్దరూ బతికే బయటికొచ్చారు. మళ్ళీ డ్యూటీకీ పోయారు. కానీ ఆ తర్వాత కరెంటు పోతే చాలు, బాపు ఏదో పనున్నట్టు వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆసుపత్రిలో లిఫ్టు ఎక్కడు, "మెట్లెక్కితే కాళ్ళకు మంచిది" అంటాడు. కరీంనగర్‌లో చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు కిటికీ లేని లాడ్జి గదిలో దించితే, తెల్లారేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎందుకని అడిగితే, "దోమలు బిడ్డా" అన్నాడు. ఆ గదిలో దోమలు లేవు. స్తుతి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అనిల్ లాప్‌టాప్ తెరిచాడు.

"ఓడలన్నీ ఒక్క తీరు ఉండవు. ఎక్కేటోళ్ళను బట్టి ఓడను చూసుకోవాలె. నానమ్మా, ముందు మీరు చెప్పున్లి. మీకు భయాలు చానా గద."

"నాకా?" అంది ఆనందమ్మ, నూనె చేయి గాల్లో ఆపి. "నాకేం భయం నాయనా? మునిగితే మునుగుత. నా టికెట్టు ప్రభువు ఎప్పుడో తీసిపెట్టిండు. నాకు కావాల్సింది ఒక్కటే. బాత్రూం గడప ఎత్తుంటదా? నా మోకాళ్ళు లేవవు."

అనిల్ ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి వంటింటి పరదా వైపు చూశాడు.

పరదా వెనక టీ గ్లాసులు గలగలమన్నాయి.

దొరికిపోయా, అనుకుంది స్తుతి. ఇప్పుడు అన్న ముందు అంటాడు. బాపు ముందు అంటాడు. వెనక తలుపు తీసుకుని పక్కింటి శంకరవ్వ ఇంట్లోకి పారిపోదామా అనిపించింది. కానీ వెనక తలుపు దగ్గర వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి, అందులో పాములుంటాయని ఇంకో భయం.

అనిల్ "గడప లేని బాత్రూం రూములు ఉంటయి నానమ్మా. లిఫ్టుకు దగ్గర్ల చూస్త" అని మాత్రం అన్నాడు.

"ఆదివారం ప్రార్థన?"

"ఓడల పాస్టరు ఉండడు. మనమే ఒక మూలకు కూసుని చేసుకోవాలె."

"పప్పుచారు?"

"పప్పు దొరుకుతది. చారుకు గ్యారంటీ ఇయ్య."

బ్లెస్సీ ముందుకు వంగింది. "మాకు పూల్ ఉండాలె తమ్మీ. జారుడు బండలు, మ్యాజిక్ షోలు, అన్నీ."

"గట్లయితే పెద్ద ఓడ వదినా. చిన్న ఊరంత ఉంటది. పది అంతస్తుల మీద, అర్ధరాత్రి దాక సందడే. ఇంకోటి చిన్న ఓడ. పాతది. షోలు తక్కువ, పూల్ కూడా చిన్నదే. నెమ్మదిగ ఉంటది. ప్రతి రూముకు పెద్ద కిటికీ."

"పెద్దదే," అన్నాడు డేవిడ్. "ఇంత దూరం పోయి పాత ఓడ ఎందుకు?"

"అన్నా, ఒక సంగతి. మీ తారీఖులకు పెద్ద ఓడల లోపలి రూములే మిగిలినయి. లోపలి రూమంటే కిటికీ ఉండదు. నాలుగు గోడలు, ఒక తలుపు. లైటు తీస్తే పగలు కూడ చీకటే. గా రూము కూడ పొద్దుగూకే లోపల కన్ఫర్మ్ చెయ్యాలె, లేకుంటే పోతది."

డేవిడ్ గట్టిగా నవ్వాడు. "మా బాపుకు కిటికీ ఎందుకు భై! ముప్పై ఏండ్లు బాయిల ఉన్నోడు. చీకట్ల కండ్లు మూసుకుని నడుస్తడు. ఆయనకు గా రూమే ఇంటి లెక్కుంటది!"

బ్లెస్సీ నవ్వింది. తోమాసు కూడా నవ్వాడు.

"నాకేంది కొడుకా. యాడనన్న పండుకుంట."

ఆ నవ్వు ముఖం మీదే ఉంది. కానీ ఆయన బొటనవేలు తలుపు చెక్కను రుద్దుతోంది, అదే చోట, ఆగకుండా. టీ పట్టుకుని పరదా దాటి వచ్చిన స్తుతి ఆ వేలిని చూసింది.

నడి సముద్రం. కిటికీ లేని గది. రాత్రి ఆయనకు ఊపిరాడకపోతే ఏ వాకిట్లోకి పోతాడు? చుట్టూ నీళ్ళు. మెట్ల మీద కూర్చుని ఎవరికని దోమలని చెప్తాడు?

"కన్ఫర్మ్ చేసెయ్," అన్నాడు డేవిడ్.

స్తుతి గబగబా నానమ్మకు టీ ఇస్తూ చెవిలోకి వంగింది. "నానమ్మా, కిటికీ ఉన్న రూము గావాలని చెప్పు. జల్ది."

ఆనందమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది. చిన్నగా, నిక్కచ్చిగా అంది.

"నాకియ్యాల చెవులు వినవడ్త లేవు బిడ్డా. నువ్వే చెప్పు."

ఇన్నాళ్ళూ ఆనుకున్న గోడ పక్కకు జరిగినట్టయింది స్తుతికి. అనిల్ వేలు లాప్‌టాప్ మీద ఉంది. కానీ ఆ వేలు నొక్కడం లేదు. అతను ఆమెనే చూస్తున్నాడు, ఎదురుచూస్తున్నట్టు.

"నాకు..." అంది.

గది మొత్తం తన వైపు తిరిగింది. బయట వాన కూడా ఆగి వింటున్నట్టనిపించింది.

"నాకు మూసిన రూములంటే భయం. కిటికీ లేకుంటే నేను రాను."

డేవిడ్ నుదురు కొట్టుకున్నాడు. "మొదలువెట్టింది! దేనికి భయం లేదో జర గది చెప్పు తల్లీ. బల్లికి భయం, బస్సుకు భయం, ఇప్పుడు రూముకు గూడ! నీ ఒక్కదాని కోసం అందరం గా డొక్కు ఓడ ఎక్కాలెనా?"

"ఎక్కాలె," అంది స్తుతి. గొంతు పగిలి ఏడుపులా వచ్చింది, అయినా ఆగలేదు. "నేను బాపుతోనే ఉంట. ఇద్దరికీ కిటికీ ఉన్న రూమే గావాలె. రాత్రిపూట బయటికి చూస్తే ఏదో ఒకటి కనవడాలె. లేకుంటే... లేకుంటే నాకు ఊపిరాడది."

అనిల్ స్తుతిని చూశాడు. గడప దగ్గరి కుర్చీని చూశాడు. వానకు తడుస్తున్నా ఎవరూ జరపని బొగ్గుపెళ్లను చూశాడు. మెల్లగా లాప్‌టాప్ మూశాడు.

"అన్నా, పెద్ద ఓడ వద్దు," అన్నాడు.

"నువ్వు ఓడలు అమ్మేటోనివా, వద్దనేటోనివా?"

"కిటికీ కావాలనేటోళ్ళను లోపలి రూముల వెట్టి పంపితే నాకు నిద్రవట్టది అన్నా."

"గది చిన్నపిల్ల భయం భై! రెండు రోజులైతే అదే పోతది..."

"డేవిడ్."

తోమాసు గొంతు. గట్టిగా అనలేదు. కానీ డేవిడ్ ఆగిపోయాడు.

"అబద్ధమాడుతున్నది," అన్నాడు తోమాసు. "దానికి బల్లంటే భయమున్నది, బస్సంటే భయమున్నది. మూసిన రూమంటే లేదు. పరీక్షలప్పుడు తన రూము తలుపు బిగించుకోని చదువుతది." కాసేపు వాన వైపు చూశాడు. "గా భయం నాది."

ఆనందమ్మ నూనె గిన్నె కింద పెట్టింది.

"కప్పు కూలిన నాటి సంది," అన్నాడు. "తలుపు మూస్తే మన్ను మీద వడ్డట్టే అయితది. పోయిన మీ అవ్వకు ఒక్కదానికే తెలుసనుకున్న. ఇగో, దీనికి గూడ తెలుసట."

"నాకెందుకు చెప్పలే బాపూ?" డేవిడ్ గొంతు మారింది. "చెప్తే నేను నవ్వుతుంటినా?"

"ఇప్పుడే నవ్వితివి గద కొడుకా."

డేవిడ్ తల దించుకున్నాడు. సోఫాలోంచి లేచి వెళ్ళి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. జల్లు అతని ప్యాంటును తడిపింది. జరగలేదు.

బ్లెస్సీయే తేరుకుంది. "తమ్మీ, గా చిన్న ఓడల పూల్ ఉందంటివి గద?"

"ఉంది వదినా. చిన్నది."

"నాకు ఈత ఎట్లాగూ రాదు. నడుము దాక నీళ్ళుంటే సాలు. గదే చెయ్."

కిటికీ ఉన్న ఓడ కన్ఫర్మ్ అయింది. స్తుతి వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడింది.

"పోయొస్త అంకుల్," అన్న మాట వినబడింది. అమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే గుండెలో ఏదో కలుక్కుమంది. పోతున్నాడు.

"స్తుతీ!" నానమ్మ కేక. "గా పిలగాడు హెల్మెట్ మర్చిపోయిండు. ఇచ్చిరా పో."

హెల్మెట్ మంచం కింద, వెనక మూలన, చాప చాటున ఉంది. తీస్తే వేళ్ళకు జిడ్డు తగిలింది. నువ్వుల నూనె. స్తుతి నానమ్మ వైపు చూసింది. ఆనందమ్మ అప్పటికే కళ్ళు మూసుకుని ప్రార్థనలో మునిగిపోయినట్టు పెదవులు కదుపుతోంది.

వరండాలో అనిల్ రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. స్తుతి హెల్మెట్‌ను చేయి బారుగా చాచి ఇచ్చి, వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట," అన్నాడు అతను.

స్తుతి ఆగింది.

"ఫోన్ల నానమ్మ గొంతు కన్న ముందు ఇంకో చిన్న గొంతు వినవడేది. మొదట నెట్‌వర్క్ మంచిగ లేదేమో అనుకున్న. తర్వాత నానమ్మ మాట్లాడుతున్నా గా చిన్న గొంతుకే చెవి వెట్టేటోణ్ని."

స్తుతి నేల వైపు చూసింది. చెవులు వేడెక్కాయి. "మీరు... నవ్వుకున్నరా?"

"ఎట్ల నవ్వుత? మీ భయాలన్ని నావే. నాకు ఈత రాదు. ఇంతమందిని ఓడలెక్కించిన గని నేను ఒక్కటి గూడ ఎక్కలే. మీరు ఏదన్న అడిగితే, ముందు నా కోసం కనుక్కొని, తర్వాత మీకు చెప్పేటోణ్ని."

ఆమెకు నవ్వొచ్చింది. భయం వల్ల అది సగంలోనే ఆగిపోయింది.

"చివరి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలే," అన్నాడు అనిల్. అతని గొంతు కూడా ఇప్పుడు స్థిరంగా లేదు. "నానమ్మ నవ్వింది గని, అడగలే. గది అడగాల్సినోళ్ళు అడిగితే... జవాబు చెప్దామనే వానల వచ్చిన."

విన్నాడు. మొత్తం విన్నాడు.

ఇంతకు ముందు బాపు కోసం నోరు తెరిచింది. తన కోసం తెరవడం అంతకంటే కష్టమని అప్పుడే తెలిసింది. ఏం అడగాలో తెలుసు. నాలుగు మాటలు. అవి గొంతు దాకా వచ్చి అక్కడే చేతులు పట్టుకుని నిలబడ్డాయి. ఇంట్లోకి ఉరికిపోదామని గిరుక్కున తిరిగింది.

గడపలో తోమాసు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. ఆయన కాలి బొటనవేలు బొగ్గుపెళ్లను మెల్లగా పక్కకు నెడుతోంది.

"బాపూ," అంది స్తుతి కంగారుగా. "తలుపు... మూస్తున్నవా? నీకు..."

"లోపట లైటున్నది. కిటికీ ఉన్నది. మీ అన్న పక్కపొంటే కూసున్నడు. నాకేం గాదు." ఆయన చేతి బొటనవేలు మళ్ళీ తలుపు చెక్కను రుద్దుతోంది. అయినా చెయ్యి తీయలేదు. "నా భయం నువ్వు చెప్పినవు. నీది నువ్వే చెప్పుకోవాలె. అడగాల్సింది అడిగినంక తట్టు బిడ్డా, తీస్త."

వానకు ఉబ్బిన ఆ తలుపు, ఆమెకు బుద్ధి తెలిసిన నాటి నుంచి ఆయన చేత్తో ఒక్కసారీ మూయని తలుపు, కిర్రుమంటూ కదిలి ఆమె ముందు మూసుకుంది.